ఈ.కోలై పేరు వెనుక మనిషి

ఈసారి సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసి పంపమని సారు ఫోన్ చేసినప్పుడు మేము సరేనన్నాం గానీ, ఎవరి గురించి రాయాలో రెండు రోజుల దాకా తేలలేదు. అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి గురించి ప్రతి సంచికలోనూ తమ్ముళ్లు, చెల్లెళ్లు రాస్తూనే ఉన్నారు, మాకంటే బాగానే రాస్తున్నారు. మేము ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినవాళ్లం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మాతోనే మొదలు. బాపుకు ఇప్పటికీ మేము ఏం చదివామో పూర్తిగా తెలియదు, ఎవరైనా అడిగితే నీళ్లల్ల పురుగుల చదువు అని చెప్తాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఆ నీళ్లల్ల పురుగుల్లో అన్నిటికంటే పేరు మోసిన దానికి తన పేరు ఇచ్చిపోయిన ఒక పిల్లల డాక్టరు గురించి రాస్తున్నాం. ఆయన థియోడర్ ఎషరిష్. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లంతా ఎషరీషియా కోలై అని పరీక్షల్లో ఎన్నోసార్లు రాసే ఉంటారు. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడని మాకు మాత్రం పీజీ రెండో ఏడు దాకా తట్టలేదు.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతిలో ఉన్నప్పుడు మేమంతా కలిసి ఒక పుణ్యక్షేత్రానికి విహారయాత్ర పోయాం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయం. గుడి, స్నాన ఘట్టం, బోటు షికారు అన్నీ ఉన్న చోటు. ఘట్టం పక్కన ఒక నల్లా ఉంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, సీసాలన్నీ నింపుకున్నాం. తిరిగొచ్చిన రాత్రి నుంచి మాలో చాలామందికి వాంతులు, విరేచనాలు. అవి రెండు రోజుల్లో తగ్గాయి. నెల రోజులకు మా బెంచీ మిత్రుడికి పచ్చకామెర్లు వచ్చాయి. సరిగ్గా పబ్లిక్ పరీక్షల ముందు. మేము పరీక్ష రాస్తుంటే వాడు ఇంట్లో చెరుకు రసం తాగుతూ మంచం మీద ఉన్నాడు. సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు గానీ అప్పటికే జమ్మికుంటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. ఇంటర్‌లో చేరలేదు. లెక్కల్లో వాడు మాకంటే ఎన్నో మెట్లు పైన ఉండేవాడు. ఆ నీళ్ల వల్లనే వచ్చిందని రుజువు చేసే పరీక్ష ఎవరూ చేయలేదు. అలాంటి పరీక్ష ఒకటి ఉంటుందని కూడా అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ఇక ఎషరిష్ కథ. ఆయన 1857 నవంబర్ 29న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో ఆన్స్‌బాఖ్ అనే ఊళ్లో పుట్టాడు. మన దేశంలో సిపాయిలు తిరగబడిన ఏడు అది. ఇలాంటి వ్యాసాల్లో వీధి దీపం కింద చదువుకున్నాడని రాయడం అలవాటు, కానీ ఎషరిష్‌ది పేద ఇల్లు కాదు. తండ్రి ఫెర్డినాండ్ ప్రభుత్వ వైద్యాధికారి. ఎక్కడ ఎంతమంది పసిపిల్లలు చనిపోతున్నారో లెక్కలు తీసి పెట్టిన మనిషి. అయితే ఇంట్లో లోటు మరో రకంగా వచ్చింది. థియోడర్‌కు అయిదేళ్లప్పుడే తల్లి పోయింది. పిల్లవాడు బాగా అల్లరివాడు. పన్నెండేళ్లకు ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్క్‌లో ఒక క్రైస్తవ గురువుల బడికి పంపించారు. అంటే హాస్టల్లో పెరిగాడన్నమాట. ఈ ఒక్క విషయంలో మనవాడే.

1876 నుంచి వైద్యం చదివాడు. ఒకే చోట కాదు, స్ట్రాస్‌బుర్గ్, కీల్, బెర్లిన్, వ్యూర్ట్స్‌బుర్గ్ అని ఊళ్లు మారుతూ చదివాడు. 1881లో చదువు ముగించి వ్యూర్ట్స్‌బుర్గ్ ఆస్పత్రిలో సహాయ వైద్యుడుగా చేరాడు. పిల్లల వైద్యం అప్పటికి గొప్ప శాఖ కాదు. పెద్ద డాక్టర్లు దాని వైపు చూసేవాళ్లు కాదు. కానీ తండ్రి తీసిన లెక్కలు కొడుకు కళ్ల ముందే ఉన్నాయి. ఆ రోజుల్లో బవేరియాలో 100 మంది పుడితే 30 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. ఎక్కువమందిని తీసుకుపోయింది ఎండాకాలం విరేచనాలు. అందులోనూ తల్లి పాలు కాకుండా సీసాలో ఆవుపాలు తాగిన పిల్లలు. ఎందుకు అనేది ఎవరికీ తేలలేదు.

1884 ఆయన జీవితంలో మలుపు. ఆ ఏడే రాబర్ట్ కాక్ కలకత్తాలో కూర్చుని కలరా క్రిమిని పట్టుకున్నాడు. కలకత్తా శివారులో జనం తాగే, స్నానం చేసే, రోగి బట్టలు ఉతికే ఒకే ఒక కుంటలో అది దొరికింది. కలరా అంటే మన దగ్గర గత్తర. గత్తర వచ్చి వాడకట్టులకు వాడకట్టులే ఖాళీ అయ్యాయని మా అవ్వ వాళ్ల అవ్వ దగ్గర విన్న ముచ్చట చెప్తుంది. పోచమ్మకు బోనం పెట్టి, పొలిమేర దాటించి తోలినా అది నీళ్లల్లో ఉందని ఆ ముసలమ్మలకు చెప్పినవాళ్లు లేరు. అదే ఏడు ఇటలీలోని నేపుల్స్‌లో గత్తర లేచింది. బవేరియా ప్రభుత్వం దాన్ని చూసి రావడానికి పంపినవాళ్లలో ఎషరిష్ ఉన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడు నిండలేదు. అక్కడి నుంచి తిరిగొచ్చాక సూక్ష్మజీవుల పని వదిలిపెట్టలేదు.

మ్యూనిక్‌లో కాక్ శిష్యుడు ఫ్రోబేనియస్ దగ్గర క్రిములను వేరుచేసి పెంచే పద్ధతి నేర్చుకున్నాడు. ఒక చుక్కలో వంద రకాల క్రిములు కలిసి ఉంటాయి. వాటిని గట్టి పోషక పదార్థం మీద పలచగా రాస్తే ఒక్కొక్కటి ఒక్కో చుక్కగా, అంటే కాలనీగా పెరుగుతుంది. ఆ కాలనీ నుంచి సూదితో తీస్తే ఒకే రకం దొరుకుతుంది. ఇప్పుడు మేము రోజూ చేసే పనే, అప్పుడు కొత్త విద్య. ఈ విద్యతో ఎషరిష్ చూసింది ఏమిటంటే, పసిపిల్లల పొత్తిగుడ్డలు. ఇందులో నవ్వడానికేమీ లేదు. మిగతావాళ్లు రోగుల రక్తంలో, ఊపిరితిత్తుల్లో క్రిములు వెతికి పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో ఆయన ఆరోగ్యంగా ఉన్న పసికందు మలాన్ని రోజురోజుకూ పరీక్షించాడు. ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియకుండా రోగం ఎలా తెలుస్తుందన్నది ఆయన లెక్క. పుట్టిన వెంటనే వచ్చే నల్లటి మలంలో ఆయనకు క్రిములు కనిపించలేదు. కొన్ని గంటలు గడవగానే కనిపించాయి. అంటే అవి బయటి నుంచి వచ్చి చేరాయి. తల్లి పాలు తాగే బిడ్డ పేగుల్లో ఒక తీరు క్రిములు, ఇతర ఆహారం తినే బిడ్డలో మరో తీరు.

అలా దొరికిన వాటిలో చిన్న కడ్డీ లాంటి ఒక క్రిమి అందరి దగ్గరా ఉంది. పాలు పోస్తే విరగ్గొడుతుంది. పాలలోని చక్కెరను పులియబెట్టి ఆమ్లం, గ్యాసు పుట్టిస్తుంది. దానికి బాక్టీరియమ్ కోలై కమ్యూన్ అని పేరు పెట్టాడు. పెద్దపేగులో మామూలుగా ఉండే క్రిమి అని దాని అర్థం. తన పేరు పెట్టుకోలేదు. 1885 జూలై 14న మ్యూనిక్‌లో ఒక శాస్త్ర సంఘం ముందు ఈ సంగతి చదివి వినిపించాడు. మరుసటి ఏడాది పసిపిల్లల పేగుల్లోని క్రిముల మీద పెద్ద గ్రంథమే వేశాడు. ఇదంతా జీర్ణక్రియ అర్థం చేసుకోవడానికి, పసిపిల్లల విరేచనాలకు కారణం కనుక్కోవడానికి. నీళ్ల పరీక్ష ఆయన ఉద్దేశంలో లేదు.

నీళ్ల దాకా తీసుకొచ్చినవాళ్లు వేరే. 1892లో వియన్నాలో షార్డింగర్ అనే ఆయన, 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ దాదాపు ఒకే ఆలోచన చేశారు. టైఫాయిడ్ క్రిమిని నీళ్లలో పట్టుకోవడం చాలా కష్టం. అది కొద్దిగానే ఉంటుంది, ఇవాళ ఉంటే రేపు ఉండదు. మనం వెతికి పట్టుకునే లోపల ఊరు మంచాన పడుతుంది. కానీ టైఫాయిడ్ అయినా, గత్తర అయినా, రక్త విరేచనాలైనా నీళ్లలోకి వచ్చేది మనిషి మలం ద్వారానే. ఆ మలంలో ఎషరిష్ క్రిమి కోట్ల సంఖ్యలో ఉంటుంది, రోజూ ఉంటుంది, తేలికగా పెరుగుతుంది. దాన్ని వెతికితే సరిపోతుంది కదా. అడవిలో పులి కోసం గుట్టలన్నీ ఎక్కనక్కర్లేదు, వాగు ఒడ్డున అడుగుల జాడ చూస్తే చాలు. ఆ జాడనే సూచిక బాక్టీరియా అంటున్నాం.

పద్ధతి కూడా ఎషరిష్ చెప్పిన గుణం మీదనే నిలబడింది. పాల చక్కెర కలిపిన ద్రవాన్ని గొట్టాల్లో పోసి, ఒక్కో దానిలో ఒక చిన్న గొట్టం బోర్లించి పెడతాం. దాన్ని డర్హమ్ గొట్టం అంటారు. నీళ్లు కలిపి 37 డిగ్రీల వేడిలో రెండు రోజులు ఉంచితే, కోలిఫాం క్రిములుంటే ద్రవం రంగు మారుతుంది, చిన్న గొట్టంలో గాలి బుడగ చేరుతుంది. ఎన్ని గొట్టాల్లో బుడగ వచ్చిందో చూసి పట్టికతో పోల్చితే 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఎన్ని క్రిములు ఉండవచ్చో తెలుస్తుంది. మట్టిలో, ఆకుల మీద బతికే కొన్ని క్రిములు కూడా బుడగ తెప్పిస్తాయి. అందుకని 1904లో ఐక్‌మన్ అనే డచ్చి శాస్త్రవేత్త వేడి పెంచి చూశాడు. వెచ్చని ఒంట్లో ఉండి వచ్చినవి ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. ఇప్పుడు 44.5 డిగ్రీల దగ్గర పెడుతున్నాం. ఇంకో పళ్లెంలో పెంచితే ఈ.కోలై కాలనీ ఆకుపచ్చ లోహంలా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు జోరీగ రెక్క లాగా ఉందనిపించింది. అందంగా ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తొస్తే అందం పోతుంది.

పీజీ ప్రాజెక్టుకు మేము తీసుకున్నది గోదావరి ఒడ్డున ఒక స్నాన ఘట్టం. పేరు అడగొద్దు. మన ఉత్తర తెలంగాణకు గోదావరే పెద్ద దిక్కు. బాసర, ధర్మపురి, మంథని, ప్రాణహిత కలిసే కాళేశ్వరం, అన్నీ ఆ ఒడ్డునే. 2003 పుష్కరాలు, 2015 పుష్కరాలు చూసినవాళ్లకు ఆ జనం సంగతి చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట్ల చిక్కు ఏమిటంటే, ఊరు చిన్నది, మరుగుదొడ్లు ఆ చిన్న ఊరికి సరిపడా ఉంటాయి, పండుగ నాడు మాత్రం పట్నమంత జనం దిగుతుంది. అదే రోజు అదే ఒడ్డున స్నానం, అదే నీళ్లతో వంట, అదే నీళ్లు తీర్థం. కాళ్ల కింద బురద లేచి, అడుగున దాక్కున్న క్రిములు మళ్లీ పైకి వస్తాయి. మామూలు బుధవారం తీసిన నీళ్లకూ పండుగ తెల్లవారి తీసిన నీళ్లకూ గొట్టాల్లో ఎంత తేడా ఉందో మేము కళ్లారా చూశాం. పండుగ నీళ్లకు ఒక్క గొట్టం కూడా బుడగ లేకుండా మిగల్లేదు.

శాంపిల్ తీయడం మాత్రం తమాషాగా ఉండేది. ఆవిరిలో శుద్ధి చేసిన సీసాను మోచేయి మునిగేదాకా ముంచి, మూతిని ప్రవాహానికి ఎదురుగా తిప్పి నింపాలి. వెంటనే మంచు పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల లోపల ల్యాబుకు చేర్చాలి. ఆర్టీసీ బస్సులో ఆ పెట్టె చూసి పాలు ఐస్‌క్రీమా అని ఒక పాప అడిగింది. గోదారి నీళ్లని చెప్తే, వాళ్ల నాయనమ్మ రెండు చేతులెత్తి ఆ పెట్టెకు మొక్కింది. మేము ఏం మాట్లాడగలం.

ఎంత ఉంటే ఎంత అనే లెక్కలు ఉన్నాయి. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ.కోలై కూడా కనబడకూడదని భారత ప్రమాణం. ఆరుబయట స్నానం చేసే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో మొత్తం కోలిఫాంలు 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. సముద్రంలో ఉప్పుకు ఈ.కోలై త్వరగా చస్తుంది గనుక ఎంటరోకాకస్ అనే ఇంకో పేగు క్రిమిని కూడా లెక్కపెడతారు. 2020లో విశాఖ రుషికొండ బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందంటే ఈ రెండు లెక్కలూ చూపించాల్సి ఉంటుంది. హుస్సేన్ సాగర్ కథ దీనికి తిరగేసింది. 1562లో కట్టిన చెరువు, ఒకప్పుడు హైదరాబాదు తాగిన నీళ్లు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాక దాని అవసరం తీరింది. తర్వాత నాలాల వెంట పట్నం మురుగు వచ్చి చేరింది. 1992లో బుద్ధుని విగ్రహం నిలబెట్టాక పర్యాటకులు పెరిగారు. బోటెక్కి ఫొటో దిగినవాళ్లలో ఎంతమంది ఆ నీళ్లలో చెయ్యి పెట్టడానికి ఇష్టపడతారు?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగి, అందరికీ హక్కుందని చూపించాడు. ఆ తర్వాత అగ్రకులాలవాళ్లు చెరువు మైలపడిందని ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి శుద్ధి చేశారు. ఈ.కోలై ఆవు పేగుల్లోనూ ఉంటుంది. ఆ రోజు చెరువుకు ముందొకసారి, వెనకొకసారి ఎవరైనా గొట్టాల పరీక్ష చేసి ఉంటే, మైల ఎవరి వల్ల వచ్చిందో డర్హమ్ గొట్టమే చెప్పేది.

ఎషరిష్ దగ్గరికి వద్దాం. 1890లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు పిల్లల వైద్యం ప్రొఫెసరుగా వెళ్లాడు. 1892లో అక్కడి భౌతిక శాస్త్ర ఆచార్యుని కూతురు మార్గరెటెను పెళ్లాడాడు. ఒక కొడుకు, ఒక బిడ్డ. పాత చిన్న ఆస్పత్రిని నలుగురూ చెప్పుకునేలా చేశాడు. డిఫ్తీరియాకు కొత్తగా వచ్చిన సీరం మందును వాడడంలో ముందున్నాడు. 1902లో వియన్నాకు పిలుపు వచ్చింది. సెయింట్ ఆనా పిల్లల ఆస్పత్రి, రాజధానిలో పెద్ద పదవి. అదే కాలంలో ఆయన కొడుకు పదేళ్ల వయసులో అపెండిసైటిస్‌తో చనిపోయాడు. ఊరందరి పిల్లలకు వైద్యం చేసే మనిషి సొంత కొడుకును దక్కించుకోలేకపోయాడు. 1903లో ఆయన పసిపిల్లల రక్షణ సంఘం స్థాపించాడు. పేద తల్లులకు బిడ్డకు పాలు ఎలా పట్టాలో నేర్పడం, తల్లిపాలు లేని పిల్లలకు శుభ్రమైన పాలు ఇవ్వడం దాని పని. తల్లిపాలే మేలని ఆయన ఊరూరా చెప్పాడు. గొప్పింటి ఆడవాళ్లను పోగేసి చందాలు వసూలు చేశాడు. అందుకు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడానికి ఈ ప్రొఫెసరు నామోషీ పడలేదు. ఆయన శిష్యుల్లో పిర్కే, షిక్ ఇద్దరూ తర్వాత చాలా పేరు తెచ్చుకున్నారు. ఎలర్జీ అనే మాట ఆ పిర్కే పుట్టించిందే.

కొత్త పిల్లల ఆస్పత్రి కట్టించడానికి ఏళ్లకేళ్లు ప్రభుత్వంతో పోరాడాడు. నక్షాలు ఆయనవే. 1911 ఫిబ్రవరి 15న పక్షవాతంతో వియన్నాలోనే కన్నుమూశాడు, 53 ఏళ్లకే. 1919లో కాస్టెల్లాని, చామర్స్ అనే ఇద్దరు ఆయన గుర్తుగా ఆ క్రిమికి ఎషరీషియా అని పేరు పెట్టారు. అది అధికారికంగా స్థిరపడడానికి 1958 దాకా పట్టింది. అప్పటికే ప్రపంచమంతా ఆ క్రిమి జాడ చూసి నీళ్లు తాగాలా వద్దా అని తేల్చుకుంటోంది.

ఈ సాక్షి అన్నీ చెప్పదు, అదీ రాయాలి. క్లోరిన్ వేస్తే ఈ.కోలై తొందరగా చస్తుంది, పచ్చకామెర్ల వైరస్ అంత తొందరగా చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో శుద్ధి చేసిన నల్లా నీళ్ల నుంచే క్రిప్టోస్పోరిడియం అనే జీవి నాలుగు లక్షల మందికి విరేచనాలు తెప్పించింది. మన లాంటి ఎండ దేశాల్లో తడి మట్టిలో కూడా ఈ.కోలై కొంతకాలం బతుకుతుంది. కాబట్టి అది లేదంటే పూర్తి భరోసా కాదు. కానీ అది ఉందంటే ఆ నీళ్లు వద్దు. మా మిత్రుడి విషయంలో మాకు రెండో మాటే గుర్తొస్తుంది. ఆ ఘట్టం నల్లాకు ఎవరైనా నెలకొకసారి ఈ పరీక్ష చేసి, ఒక బోర్డు కట్టి ఉంటే చాలు.

ల్యాబు లేనిచోట ఏం చేయాలని తమ్ముళ్లు అడగవచ్చు. 1982లో మన దేశ శాస్త్రవేత్త మాంజా, ఆయన సహచరులు ఒక తేలిక పద్ధతి ప్రచురించారు. చిన్న సీసాలో మందు తడిపి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి, వెచ్చని చోట ఒక రోజు ఉంచితే, మలంతో వచ్చే కొన్ని క్రిములు హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టించి నీళ్లను నల్లగా చేస్తాయి. ఇది ఈ.కోలై పట్టే పరీక్ష కాదు, దాని వెంట తిరిగేవాటిని పట్టేది. అయినా నల్లబడితే నీళ్లు మరిగించాల్సిందే. ఈ సంచికతో పాటు అలాంటి సీసాలు పది పంపిస్తున్నాం. వచ్చే విహారయాత్రకు రెండు తీసుకుపోండి. ఒక రోజు ముందు ఎవరైనా వెళ్లి నీళ్లు పట్టి తెస్తే ఇంకా మంచిది. నల్లబడ్డ సీసాను ఊరికే పారబోయకుండా బ్లీచింగ్ పౌడరు వేసి అరగంట ఉంచి పారబోయాలి. పిల్లలు ముట్టకుండా చూడాలి.

మా మిత్రుడు ఇప్పటికీ ఆ మిల్లులోనే ఉన్నాడు, పెళ్లయింది, పాప పుట్టింది. ఈసారి వార్షికోత్సవానికి వస్తానన్నాడు. పాపకు కాచి చల్లార్చే నీళ్లు ఏ బోరువో ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకుని రమ్మని చెప్పాం.